పది గంటల గీత

ఆ ఆఫీసులో పదకొండు మంది పనిచేసేవారు. అందులో పదిమంది పనేమిటో ఎవరికి చెప్పినా అర్థమయ్యేది. నలుగురు కోడ్ రాస్తారు, ఇద్దరు బొమ్మలు గీస్తారు, ఒకరు చప్పుళ్ళు చేస్తారు, ఇలా. పదకొండో మనిషి పని చెబితే మాత్రం వినేవాళ్ళు నవ్వేవారు. ఆవిడ పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా తిట్లు చదువుతుంది. ఊరికే కాదండోయ్, జీతానికి.

ఆవిడకి యాభై రెండేళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు టెలిఫోన్ కంపెనీ ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంది. తన ఫోన్ పలకడం లేదని వచ్చినవాడినీ, పక్కింటివాడి ఫోన్ పలుకుతోందని వచ్చినవాడినీ ఒకే ఓపికతో విన్నది. ఆ కౌంటరు మూసేశాక ఈ ఆటల కంపెనీవాళ్ళు పిలిచి కుర్చీ వేశారు. ఇక్కడ అందరూ ఆవిడ పిల్లల వయసువాళ్ళు. మొదటి వారంలోనే అందరికీ పిన్నిగారైపోయింది.

వాళ్ళు తయారుచేసే ఆట పేరు ‘చుక్కల దండు’. అంతరిక్షంలో యుద్ధం. చదరంగంలోలాగా నువ్వు ఎత్తు వేసేదాకా ఎదుటివాడు గడ్డం నిమురుకుంటూ కూర్చోడు. గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆకాశంలో తేలే బండరాళ్ళలోంచి ఖనిజం తవ్వాలి, దాన్ని స్టేషన్‌కి చేర్చాలి, దానితో ఓడలు కట్టాలి, ఈలోపు శత్రువు మీద పడతాడు, వాణ్ణి కాచుకోవాలి. అన్నీ ఒక్కసారే. ఆడినవాళ్ళు తమ అభిప్రాయాన్ని ఆట అమ్మే పేజీలో రాస్తారు. రాసినవాడి పేరు పక్కనే వాడు ఎన్ని గంటలు ఆడాడో కూడా పడుతుంది.

ఏం రాసేవారని! ‘ఎర్ర సైన్యానికి అంత పెద్ద లేజర్లిచ్చారు, నీలం వాళ్ళం ఏం పాపం చేశాం?’ అని ఒకడు. ‘అంతరిక్షంలో గాలి లేదు, పేలుళ్ళు వినపడవు, చప్పుడు తీసెయ్యండి’ అని ఒక సైన్సు మాస్టారు. ‘ఈ ఆట మొదలుపెట్టాక మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, పదికి పది మార్కులు’ అని ఇంకొకడు. మొదటి వాక్యం చదవగానే పిన్నిగారికి తెలిసిపోయేది, వీడి కోపం ఆట మీదా, లేక అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నాడా అని. రెండు నెలలు తిరక్కుండానే ఆ విద్యలో ఆవిడకి తిరుగు లేదని తేలిపోయింది. ఆట మాత్రం ఆవిడ ఒక్కసారి కూడా ఆడలేదు. వంట రుచి చెప్పడానికి భోంచేసినవాళ్ళున్నారు కదా అనేది.

ఆట మొత్తం ఎవరి బుర్రలో పుట్టిందో ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, పని రాక్షసుడు, కానీ మరీ పల్చటి చర్మం. ఒకసారి ఎవడో పన్నెండంటే పన్నెండు నిమిషాలు ఆడి, ‘మీ ఓడలు బొద్దింకల్లా ఉన్నాయి’ అని రాసి పోయాడు. కెప్టెన్‌కి అన్నం సయించలేదు. నెల రోజులు కూర్చోబెట్టి ఓడలన్నీ మళ్ళీ గీయించాడు. బొమ్మలు గీసే పిల్ల ఏడ్చినంత పనిచేసింది. అప్పుడే పిన్నిగారు ఒక గీత గీసింది. పది గంటలు ఆడనివాడి మాట మీటింగుకి రాదు.

“పది గంటలైనా ఆడకుండా వంకలు పెట్టేవాడిది, ఆడలేక మద్దెల ఓడన్నట్టే బాబూ. వాడి మాటలకి మనం నిద్ర చెడగొట్టుకోవాలా?” అంది.

కెప్టెన్ ప్రాణం లేచొచ్చింది. ఆ గీత దాటని అభిప్రాయాలన్నీ వాటంతటవే వేరే ఫైల్లోకి పోయేట్టు కోడ్ రాసే కుర్రాడు ఏర్పాటు చేశాడు. కెప్టెన్ ఇంకో కట్టడి కూడా పెట్టాడు. పిన్నిగారు తప్ప ఆఫీసులో ఎవరూ ఆ పేజీ తెరవకూడదు, చదివితే చేతులు ఆడవు అని. ఎవరూ తెరిచేవారు కాదు. పొద్దున పదింటికి మీటింగులో ఆవిడ చదివి చెప్పేది, అందరూ వినేవారు, పనిలో పడేవారు. రెండేళ్ళు నల్లేరు మీద బండిలా సాగింది.

ఇంతలో ఆట రెండో కూర్పు విడుదలైంది, ఒక గురువారం నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళ కోసం అందులో ఐదు పాఠాలున్నాయి. ఓడని ఎలా నడపాలి, రాయిని ఎలా తవ్వాలి, ఇలాంటివి. కొత్తవాడు ఐదూ పూర్తిచేస్తేనే అసలు ఆట తెరుచుకుంటుంది. అవి తయారుచేసినది పాతికేళ్ళ పిల్ల. ఆఫీసులో అందరూ పాఠాలమ్మాయి అనేవారు. నోట్లో నాలుక లేని మనిషి. ఏడు నెలలు ఆ ఐదు పాఠాలతోనే బతికింది.

శుక్రవారం పొద్దున వచ్చి పిన్నిగారి బల్ల దగ్గర నిలబడింది. “పిన్నిగారూ, కొత్తవాళ్ళు ఏమంటున్నారు, పాఠాల గురించి?”

పిన్నిగారి ముందు పాత కాపుల అభిప్రాయాలు గుట్టగా పడి ఉన్నాయి. వందల గంటలు, వేల గంటలు ఆడినవాళ్ళవి. వాళ్ళంతా పాఠాలు ఎప్పుడో పాత కూర్పులోనే దాటేసినవాళ్ళు. వాటి మీంచి తల పైకెత్తకుండానే, “ఏమీ అనడం లేదమ్మా, హాయిగా ఉండు” అంది.

చూడలేదు అనాలి నిజానికి. లేదు అనేసింది. ఇరవై ఏళ్ళు కౌంటర్లో కూర్చున్న మనిషికి ఆ రెంటికీ తేడా తెలీదా? తెలుసు. కానీ పనిలో ఉన్నప్పుడు పిల్లలకి చెప్పే జవాబులు ఎలా ఉంటాయో మనకి తెలీనిదా?

వారం తిరిగేసరికి ఆఫీసులో గాలి మారింది. పాత కాపులు ఆహా ఓహో అంటున్నారు, కానీ కొత్తగా కొన్నవాళ్ళు రెండు గంటలు తిరక్కుండా ఆట వెనక్కిచ్చి డబ్బు తీసేసుకుంటున్నారు. ఒకళ్ళిద్దరు కాదు, నూటికి డెబ్బై మంది. ఆట పంపిణీ చేసే కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, సోమవారంకల్లా కారణమేమిటో చెప్పాలన్నారు. కెప్టెన్ గడ్డం గీసుకోవడం మానేశాడు. కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కునేవాడు. ఎవరి ఫోన్ మోగినా అందరూ ఉలిక్కిపడేవారు. పాఠాలమ్మాయి కళ్ళ కింద నల్లటి చారలు వచ్చాయి.

రెండో శుక్రవారం మీటింగులో కెప్టెన్ అడిగాడు. “పిన్నిగారూ, కొత్తవాళ్ళెవరైనా ఎక్కడైనా ఇరుక్కుపోయామంటున్నారా?”

“నా దాకా ఏమీ రాలేదు బాబూ.”

“అంటే ఏదీ చెడిపోలేదు. పాఠాలు బోరు కొడుతున్నాయి, అంతే.” కెప్టెన్ పాఠాలమ్మాయి వైపు చూడకుండానే అన్నాడు. “సోమవారం మాట్లాడుకుందాం.”

సోమవారం మాట్లాడుకోవడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. “ఎక్కడ తప్పానో నాకే తెలియట్లేదు సార్” అని మాత్రం అంది. మధ్యాహ్నం పిన్నిగారు నీళ్ళకోసం వరండాలోకి వెళ్తే, ఆ అమ్మాయి గోడవైపు తిరిగి ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. “అవునమ్మా... ఎవరి తప్పూ కాదమ్మా. నాకే ఈ పని చేతకాదు. నువ్వన్నదే నిజం.” పాపం పిల్ల, అనుకుంది పిన్నిగారు. అంతకు మించి ఏమీ అనుకోలేదు. అది కూడా చెప్పాలి కదా.

పిన్నిగారి భర్త ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నడపడం నేర్పినాయన. మోకాలికి ఆపరేషనై నెల రోజులుగా కుర్చీకి అంటుకుపోయాడు. పొద్దు గడవక, “రోజంతా నువ్వు చదివే ఆ తిట్లేమిటో చూద్దాం” అని శనివారం ఆటని కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లో కేకలు మొదలయ్యాయి.

“ఇదిగో, ఇదేం గోలే! ఖనిజం ఓడని స్టేషన్ రేవులోకి తెమ్మంటాడు. తెచ్చా. మళ్ళీ తెమ్మంటాడు. మళ్ళీ తెచ్చా. చెవిలో జోరీగలాగా అదే పాట!”

పిన్నిగారు బట్టలు మడతపెడుతోంది. “సరిగ్గా తెచ్చి ఉండరు.”

“ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ పార్కింగ్ నేర్పినవాణ్ణి. ఓడ పార్క్ చెయ్యలేనా?”

“ఆడలేక మద్దెల ఓడన్నాడట మీలాంటాయనే” అని పకపకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. సాయంత్రం దాకా కుస్తీ పట్టి, చివరికి కంప్యూటర్ పక్కకి జరిపి, “వయసైపోయింది లేవే. నా బుర్రకి ఎక్కట్లేదు” అన్నాడు, మెల్లిగా. పాతికేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు. మనసు చివుక్కుమంది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఏదీ, నాకు చూపించండి” అంది.

ఆయన చూపించాడు. ఓడ మెల్లగా వచ్చి రేవులో ఆగింది, గోడలకి తగలకుండా, చక్కగా. ‘ఓడని రేవులోకి చేర్చండి’ అంది ఆటలోని గొంతు. ఓడ రేవులోనే ఉంది. ‘ఓడని రేవులోకి చేర్చండి.’ ఇంకోసారి. ఇంకోసారి.

పిన్నిగారి గుండెల్లో రాయి పడింది. ఫోన్ తీసింది. గీత కింది ఫైలు తెరిచింది. రెండేళ్ళలో ఆ ఫైలు తెరవడం అదే మొదటిసారి.

కొత్త కూర్పు వచ్చాక పడినవి మూడువందల పైచిలుకు ఉన్నాయి. గంట ఆడినవాడు, గంటన్నర ఆడినవాడు, నలభై నిమిషాలు ఆడినవాడు. ‘మూడో పాఠం దాటలేకపోతున్నా. నాకొక్కడికేనా?’ ‘ఓడ రేవులోనే ఉంది, కావాలంటే ఫోటో చూడండి.’ ‘దయచేసి ఎవరైనా చెప్పండి, ఏ మీట నొక్కాలి?’ ‘మా పాప నవ్వుతోంది నన్ను చూసి.’ ‘ఇలాంటివి నాలాంటివాళ్ళకి కాదనుకుంటా.’ మొట్టమొదటిది విడుదలైన గురువారం సాయంత్రమే పడింది. ఎవరూ జవాబివ్వలేదు. ఎవరిస్తారు? మూడో పాఠం దాటితే గానీ ఆట తెరుచుకోదు, ఆట తెరుచుకుంటే గానీ పది గంటలు నిండవు, పది గంటలు నిండితే గానీ వాళ్ళ మాట పిన్నిగారి చెవిన పడదు. మద్దెల నిజంగానే ఓడు. చెప్పినవాళ్ళందరి నోళ్ళూ ఆవిడే మూసేసింది.

ఆయన ఆవిడ భుజం మీంచి చదివాడు. “నాకొక్కడికే కాదన్నమాట! నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఒకడు మలుపు దగ్గర గుద్దుకుంటే వాడి తప్పు. వచ్చినవాడల్లా అక్కడే గుద్దుకుంటే, ఆ మలుపుదే తప్పు” అన్నాడు. ఆయనకి ప్రాణం కుదుటపడింది. ఆవిడ మొహం చూశాక తగ్గాడు. “ఏమైందే?”

చెప్పింది. ఆయన మోకాలు నిమురుకున్నాడు. “ఆ కోడ్ రాసే కుర్రాడికి ఫోన్ చెయ్యి. చిన్న పనే అయ్యుంటుంది, సరిచేసేస్తాడు. నువ్వు చూడలేదన్న సంగతి పైకెందుకు? ఈ వయసులో ఇంకో కుర్చీ ఎవడేస్తాడు నీకు? నేను చూస్తే ఇలా కూలబడ్డాను.”

మాట వినడానికి బాగానే ఉంది. ఫోన్లో ఆ కుర్రాడి నంబరు దాకా వెళ్ళింది కూడా. కానీ గుట్టుగా సరిచేస్తే తేలేదేమిటి? మూడో పాఠంలో తప్పుంది అని. పాఠం ఎవరిది? ఆ పిల్లది. పన్నెండు రోజులు అది ఎవరికీ తెలియకుండా ఎలా ఉంది అని ఎవరూ అడగరు. పిన్నిగారి కుర్చీ మిగులుతుంది, పిల్ల కుర్చీ పోతుంది. ఆ లెక్క తేలాక ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టేసింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. భయం వేసింది. అబద్ధం ఎందుకు, చాలా భయం వేసింది. అందరిముందూ ఆ మాట ఎలా అనాలో ఒకటికి పదిసార్లు లోపల్లోపల అనుకుంటూ, అన్న ప్రతిసారీ తనకి కాస్త అనుకూలంగా తిప్పేస్తున్నానని గమనించి మళ్ళీ మొదటికొచ్చేది.

సోమవారం పదింటికి మీటింగు. కెప్టెన్ ముందు తెల్ల కవరు ఉంది. పాఠాలమ్మాయి ఉతికిన బట్టలు వేసుకుని, జుట్టు బిగించి దువ్వుకుని వచ్చింది, పరీక్షకి వచ్చినట్టు. కెప్టెన్ నోరు తెరవకముందే, “సార్, తప్పు నాదే. మీకు ఇబ్బంది లేకుండా...” అని మొదలుపెట్టింది.

“ఆగమ్మా.” పిన్నిగారు లేచి నిలబడింది. మీటింగుల్లో ఎప్పుడూ కూర్చునే చదువుతుంది. చేతిలో కాగితాల కట్ట ఉంది. “నేను చదవాల్సినవి కొన్ని ఉన్నాయి.”

చదివింది. మొదటి పదీ అయ్యేసరికి కోడ్ రాసే కుర్రాడు తల పైకెత్తాడు. యాభై దగ్గర కెప్టెన్ చెయ్యెత్తాడు.

“ఎప్పటివి ఇవి?”

“మొదటి రోజు నుంచి.”

“మరి మీరు చెప్పలేదే?”

“చూడలేదు బాబూ. గీత కింద ఉన్నాయి.”

“శుక్రవారం అడిగాను కదా మిమ్మల్ని!”

“అడిగారు. నా దాకా రాలేదన్నాను. వాటిని నా దాకా రానివ్వకుండా చేసింది నేనే. ఈ పిల్ల అంతకుముందే, రెండో రోజే అడిగింది. ఏమీ లేదన్నాను. తప్పు తనది కాదు, నాది.”

కుర్రాడు అప్పటికే కంప్యూటర్ తెరిచి వెతుకుతున్నాడు. “రేవు జరిగింది” అన్నాడు. “పాఠం ఇంకా పాత రేవు దగ్గరే ఓడకోసం కాచుకు కూర్చుంది. అక్కడిప్పుడు ఏమీ లేదు, ఉత్త ఆకాశం. విడుదలకి ముందురోజు ఎవరో రేవుని ఇవతలికి జరిపారు.”

కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి. “నేనే” అన్నాడు. “పాత ఆటగాడొకడు రేవు చీకట్లో ఉంది, కనపడటం లేదన్నాడు కదా. చెప్పడం మర్చిపోయాను.”

ఆ అభిప్రాయాన్ని మీటింగులో చదివిందీ పిన్నిగారే. వెయ్యి గంటలు ఆడినవాడిది, అందుకని మొట్టమొదట చదివింది. ఇక చూడండి లోకం తీరు. పిల్లల తప్పు తప్పు, పెద్దల తప్పు మరుపు. కెప్టెన్ కవరు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు, క్షమించమన్న మాట ఒకటి నోట్లో నలిపి మింగేశాడు. “ఆ గీత తీసెయ్యండి” అన్నాడు, అంతే. ఇరవై నిమిషాల్లో పాఠం బాగుపడింది. మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు నాలుగో పాఠంలోకి, ఐదో పాఠంలోకి వెళ్తున్నట్టు తెర మీద కనపడుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. పిన్నిగారు లేకపోతే పిల్ల ఉద్యోగం ఊడేదని బొమ్మలు గీసే పిల్ల అంది. ఆ మాట వినలేక పిన్నిగారు బయటికొచ్చేసింది.

పాఠాలమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని.

పిన్నిగారు పై మెట్టు మీద కూలబడింది. “తల్లీ, నన్ను తిట్టు. తిట్టేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది.”

“తిట్టాలని లేదు పిన్నిగారూ.” ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. “కానీ ఆ రోజు ‘చూడలేదమ్మా’ అని ఒక్క మాట అనుంటే నేనే వెళ్ళి చూసుకునేదాన్ని. పది రోజులు నిద్రపోలేదు. నాకు చేతకాదని నేనే నమ్మేశాను. మా అమ్మకి కూడా చెప్పేశాను.”

“ఇప్పుడు చెప్పు, నీ తప్పు కాదని.”

“చెప్పాను, ఇందాకే. నమ్మట్లేదు. ఉద్యోగం పోయిందన్న సంగతి దాస్తున్నాననుకుంటోంది. ఈ నెలాఖరుకి ఇంటికొచ్చెయ్యమంటోంది.”

“నేను మాట్లాడతాను. కలుపు.”

అమ్మాయి తటపటాయిస్తూనే కలిపింది, స్పీకర్ నొక్కి ఫోన్ పిన్నిగారి చేతికిచ్చింది. పిన్నిగారు తానెవరో చెప్పింది, ఆఫీసులో తన పనేమిటో చెప్పింది, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది. “మీ అమ్మాయి తప్పు రవ్వంత కూడా లేదమ్మా. తప్పంతా నాదే.”

అవతల ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విన్నది. వినీ, నిట్టూర్చి అంది: “మీరు పెద్దమనసుతో దాన్ని వెనకేసుకొస్తున్నారు, నాకు తెలుసమ్మా. అదే ఒప్పుకుంది కదా, తనకి చేతకాదని. అది అబద్ధం చెప్పే పిల్ల కాదు.”

కింది మెట్టు మీద అమ్మాయి మోకాళ్ళలో తల పెట్టుకుంది. పిన్నిగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కాదమ్మా, నా మాట వినండి” అని, గీత దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.